చర్చి మండపం ఎవరిది?

మన గుడిలో గర్భాలయం అర్చకుడిదైతే, మండపం ఊరిది. హరికథ చెప్పించినా, తగువు తీర్చినా అక్కడే. మధ్యయుగపు ఇంగ్లండు చర్చిలోనూ ఇలాంటి పంపకమే ఉండేది. బలిపీఠం ఉన్న తూర్పు భాగాన్ని బాగుచేయించడం మతగురువు వంతు. జనం చేరే పొడవాటి హాలును, అంటే 'నేవ్'ను, చూసుకోవడం ఊరివాళ్ల వంతు. ఖర్చు తమది కాబట్టి ఆ హాలును ప్రార్థనకొక్కదానికే అట్టేపెట్టలేదు. బీరు కాచి, విందు చేసి, అమ్మగా వచ్చిన డబ్బును చర్చి ఖర్చులకు వాడేవారు. ఈ విందులను 'చర్చి ఏల్' అనేవారు. ఏల్ అంటే ఒక రకం బీరు. చర్చి ఆవరణలో సంతలు పెట్టరాదని 1285లో వించెస్టర్ శాసనం చెప్పాల్సి వచ్చిందంటే, అవి ఎంత జోరుగా సాగేవో ఊహించుకోవచ్చు.

మతసంస్కరణ తర్వాత, ముఖ్యంగా కఠిన నియమాల ప్రొటెస్టంట్లైన ప్యూరిటన్ల పట్టు పెరిగాక, ఈ సందడి సన్నగిల్లింది. నేవ్ నిండా కదలని బల్లలు వెలిశాయి. చాలాచోట్ల వాటికి అద్దె కూడా ఉండేది. ఊరి హాలు కాస్తా ఆదివారపు హాలైంది.

పరిశ్రమల పట్టణాలు పెరిగే కొద్దీ చర్చిలు చాలవన్న బెంగ మొదలైంది. 1818లో పార్లమెంటు కొత్త చర్చిలకు 10 లక్షల పౌండ్లు ఇచ్చింది. కానీ 1851 మార్చి 30న ఆరాధనకు వచ్చినవారిని లెక్కిస్తే, శ్రామికుల్లో ఎక్కువమంది చర్చి గడప తొక్కడం లేదని తేలింది. అయినా కట్టడం ఆగలేదు. తర్వాతి శతాబ్దంలో మూతపడ్డ చర్చిల సమస్యకు బీజం ఇక్కడే పడింది.

1957లో మాజీ ఎంపీ ఐవర్ బుల్మర్-థామస్ 'ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్‌లెస్ చర్చెస్' స్థాపించారు. దిక్కులేని చర్చిలకు నేస్తాలన్నమాట. 1968 నాటి చట్టంతో మరుసటి ఏడాది మూతపడ్డ చర్చిల సంరక్షణకు ప్రభుత్వమూ చర్చీ కలిసి డబ్బిచ్చే నిధి ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. 1994 నుంచి అది 'చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్'. ఇప్పుడు దాని చేతిలో 350కి పైగా చర్చిలున్నాయి.

కూలకుండా కాపాడితే చాలా, మళ్లీ జనాన్ని రప్పించాలా? లండన్‌లో 1941 బాంబుదాడికి కాలిపోయిన సెయింట్ జాన్స్, స్మిత్ స్క్వేర్ 1969లో కచేరీ మందిరమైంది. యార్క్‌లో సెయింట్ శాంప్సన్ చర్చి 1974లో వృద్ధులు కాలక్షేపం చేసే కేంద్రమైంది.

ఈ ప్రశ్నకు మరింత చిక్కు రూపం నూలుమిల్లుల పట్టణం బోల్టన్‌లో ఎదురైంది. అక్కడి ఆల్ సోల్స్ చర్చిని మిల్లు యజమానులైన అన్నదమ్ములు సొంత డబ్బుతో 1878-81 మధ్య కట్టించారు. బోధ అందరికీ వినబడాలని నేవ్‌లో స్తంభాల అడ్డు లేకుండా చూశారు. కాలక్రమంలో ఆ వీధుల్లోకి గుజరాతీ ముస్లిం కుటుంబాలు వచ్చాయి. భక్తులు తగ్గి, 1986లో చర్చి మూతపడింది. భవనం మరుసటి ఏడాదే, తర్వాత ట్రస్ట్‌గా మారిన ఆ నిధి చేతికి వచ్చినా, అందులో ఏం చేయాలన్నది దశాబ్దాలు తేలలేదు.

తేల్చడానికి ముందుకొచ్చినవారిలో ముఖ్యుడు ఆ పేటలోనే పెరిగిన ఒక ముస్లిం. మతం ఏదైనా అది తమ పేట భవనమే అన్నది అతని వాదన. భవనం మరమ్మతులకు, మార్పులకు దాదాపు 49 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. అందులో పెద్ద వాటా జాతీయ లాటరీ వారసత్వ నిధిది. పాత గోడల మీద భారం మోపకుండా, నేవ్ మధ్య తమంతట తామే నిలిచే అంతస్తుల కట్టడాలు లేపారు. వాటిలో సమావేశ గదులు, కార్యాలయాలు అమర్చారు. ఒకప్పుడు బోధ వినడానికి ఖాళీగా ఉంచిన చోటే ఇందుకు వీలు కల్పించింది. 2014 డిసెంబరులో తలుపులు తెరుచుకున్నాయి.

ఇలాంటి చోట్ల ప్రారంభోత్సవం నాటి విరాళం తర్వాతి ఏళ్ల కరెంటు బిల్లు కట్టదు. హాలు అద్దె, కాఫీ, టీ అమ్మకాల మీదే రోజులు గడవాలి. ఊరివాళ్లు తాగి, తిని, తమ హాలును తామే నిలబెట్టుకోవడం ఇంగ్లండు చర్చికి కొత్త కాదు. ఏల్ పోయి టీ వచ్చింది, అంతే.