జమ్మిచెట్టు మీది శవం

పాశ్చాత్య దేశాలలో అక్టోబరు 31వ తేదీ రాత్రి హాలోవీన్ పండుగ. ఆ రాత్రిని ఆధారం చేసుకుని పడుచువాళ్ల కోసం రాసే దయ్యాల కథలకు అక్కడ గిరాకీ ఎక్కువ. ఇటీవలి కథల్లో యువకుణ్ణి ప్రేమించే యువకుడు, యువతిని ప్రేమించే యువతి, ఆడా మగా అన్న గీత మీద నిలబడిన మనిషి కథానాయకులవుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. 1872లో షెరిడన్ లెఫాన్యు ప్రచురించిన ‘కార్మిల్లా’లో ఆడపిల్లను ప్రేమించే ఆడది నెత్తురు తాగే పిశాచి. ఆమెను చంపితే గాని కథ ముగియదు. అంటే సమాజం తాను ఒప్పుకోలేని మనిషికి దయ్యం వేషం వేసి, తానే భయపడింది.

మన సాహిత్యంలో ఇలాంటి గొడవ లేదని మిత్రులొకరు వాదించారు. నాకది సరిపడలేదు. పదమూడో శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో మంత్రిగా వున్న తిక్కన ఈ నెల్లూరులోనే భారతం అందుకున్నాడు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని అలాగే వుంచి విరాటపర్వంతో మొదలు పెట్టాడు. ఆ పర్వంలో శ్మశానం వున్నది, చెట్టు మీద శవం వున్నది, వణికిపోయే కుర్రవాడున్నాడు, జడ వేసుకున్న బృహన్నల వున్నది. స్వలింగ ప్రేమ మాత్రం లేదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. జమ్మిచెట్టు పేరు చెప్పి మన జనం దీన్ని విజయదశమికి ముడివేసుకున్నారు. ఋతువు కూడా దాదాపు అదే. విరాటపర్వం చదివితే వానలు పడతాయని మన పల్లెల నమ్మకం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య ఋతుపవనం మీద బతికే ఈ కోస్తాకు ఆ నమ్మకం వట్టి మాట కాదు.

సంస్కృత మూలంలో ఆ శవం సంగతి చూడండి. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుకు కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. దారిలో ఎదురైన గొల్లలతో, గొర్రెల కాపరులతో అది తమ ముసలి తల్లి శవమనీ, ఇది తమ కులాచారమనీ చెప్పారు. మన భారతంలోని దయ్యం భయం ఇక్కడ రాజ్యరహస్యానికి కాపలా కాస్తున్నది! ఆయుధం రాజుది, భయం పశువుల కాపరిది.

ఉత్తరుడి భయం వేరు. కౌరవ సేనను చూసి రథం దిగి పరుగెత్తాడు. జడ ఎగురుతూ, చీర కుచ్చెళ్లు రెపరెపలాడుతూ బృహన్నల వెంటపడింది. చూసిన సైనికులు నవ్వారు. నా తరగతిలో కూడా సరిగ్గా ఈ చోటనే నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఎవరి మీద అని అడిగితే తరగతి నిశ్శబ్దమవుతుంది. పారిపోతున్న రాకుమారుడి మీద కాదు గదా!

తర్వాత చెట్టెక్కమన్నప్పుడు ఆ కుర్రవాడి మాట గమనించదగినది. శవాన్ని ముట్టితే పీనుగు మోసేవాడిలా అశుచినైపోతాను, రాకుమారుణ్ణి ఎలా ముట్టను అంటాడు. దయ్యం పట్టుకుంటుందని కాదు, అంటు తగులుతుందని! శవం మోసే కులాన్ని చూసి పుట్టిన అసహ్యం ఇక్కడ భయం పేరుతో చెలామణి అవుతున్నది. మన జానపద దయ్యాలు వూరి బయటే ఎందుకు తిరుగుతాయో ఇక్కణ్ణించి వెతికితే తెలుస్తుంది.

అయితే బృహన్నలను మనం మరీ నెత్తికెత్తుకోకూడదు. ఆ రూపం ఊర్వశి శాపం, అజ్ఞాతవాసానికి ముసుగు. గడువు తీరగానే మళ్లీ అర్జునుడే. పైగా అంతఃపురంలోకి పంపే ముందు విరటుడు స్త్రీలచేత ఆ శరీరాన్ని పరీక్ష చేయించాడని మూలం చెబుతున్నది. ఈ పరీక్ష పురాణంతో పోలేదు. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీ నాటి చట్టం హిజ్రాలను పోలీసు రిజిస్టరులో ఎక్కించింది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది 2023లో! లింగమేదో తేల్చుకునే హక్కు ఆ మనిషిదేననీ, శస్త్రచికిత్స కావాలని పట్టుబట్టరాదనీ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. అయిదేళ్లకు వచ్చిన 2019 చట్టం జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం తెచ్చుకోమన్నది. విరటుడి కొలువుకూ కలెక్టరు కచేరీకీ దూరం మనమనుకున్నంత లేదు.

కథలో అన్నిటికంటె నన్ను బాధపెట్టేది యుద్ధం తర్వాతి భాగం. కొడుకు గెలిచాడని విరటుడు పొంగిపోతూ వుంటే, బృహన్నల సారథి అయితే గెలవక ఏమవుతుందని కంకుడు అంటాడు. నా కొడుకుతో సమంగా ఆ నపుంసకుణ్ణి పొగుడుతావా అని రాజు పాచిక విసిరి కొట్టాడు. ముక్కున నెత్తురు కారింది. మాలిని పాత్ర పట్టింది.

ఆ సమయానికి బృహన్నల ఆయుధాలను తిరిగి జమ్మిచెట్టు మీదకు చేర్చి, మళ్లీ పగ్గాలు పట్టుకుని వూళ్లోకి వస్తున్నది. ఉత్తరుడికి నిజం తెలుసు. తండ్రి అడిగినప్పుడు, నేను గెలవలేదు, ఎవరో దేవకుమారుడు గెలిచాడన్నాడు. బృహన్నల మాత్రం కౌరవులనుంచి తెచ్చిన రంగురంగుల బట్టలను బొమ్మలకోసం అడిగిన ఉత్తర చేతిలో పెట్టింది.