పాత బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 నడుపుతున్నారా..? స్పార్క్ ప్లగ్ కొనే ముందు ఈ నంబర్ చూడండి.. తేడా వస్తే పిస్టన్‌కే బొక్క!

పది కిక్కులు కొట్టినా బండి స్టార్ట్ కాదు. ప్లగ్ పోయిందని షాపుకు వెళితే, 'సేమ్ సైజే' అంటూ ఏదో ఒకటి చేతిలో పెడతారు. మరలు చక్కగా పడతాయి. బండి స్టార్ట్ అవుతుంది కూడా. కానీ అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. బయటికి ఒకేలా కనిపించినా, రెండు ప్లగ్‌లు లోపల పూర్తిగా వేరుగా పనిచేయొచ్చు.

పాత బండికే ఎందుకింత జాగ్రత్త?

1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, అదే 1996లో ఆగిపోయిన పాత యెజ్డీ, క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్.. ఇవన్నీ గాలితో చల్లబడే, కార్బురేటర్‌తో నడిచే బండ్లు. కొత్త బైకుల్లో పెట్రోల్ ఎంత పోవాలో కంప్యూటర్ సరిచేస్తుంది. పాత బండిలో ఆ సౌకర్యం లేదు. ప్లగ్ తప్పయితే ఆ దెబ్బ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది.

హాట్ ప్లగ్, కోల్డ్ ప్లగ్ అంటే?

ప్లగ్ కొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దానిపై పట్టిన కార్బన్ కాలిపోతుంది. 870 డిగ్రీలు దాటితే మాత్రం కొన నిప్పుకణికలా మారి, స్పార్క్ పడకముందే పెట్రోల్‌ను అంటిస్తుంది. పిస్టన్ కరిగి బొక్క పడేది అప్పుడే. కొనలోని వేడిని త్వరగా సిలిండర్ హెడ్‌కు పంపేది కోల్డ్ ప్లగ్. నెమ్మదిగా పంపేది హాట్ ప్లగ్. హాట్ ప్లగ్ వేస్తే పవర్ పెరుగుతుందన్నది అపోహ మాత్రమే.

నంబర్ల దగ్గరే పొరపాటు

ఈ వేడి స్థాయిని ప్లగ్‌పై నంబర్ చెబుతుంది. చిక్కేంటంటే, అది కంపెనీని బట్టి తిరగబడుతుంది.

* ఎన్‌జీకే: నంబర్ పెరిగితే కోల్డ్. 7 కన్నా 8 కోల్డ్.
* ఇప్పటి బాష్, ఛాంపియన్: నంబర్ పెరిగితే హాట్.
* పాత మైకో: డబ్ల్యూ175, డబ్ల్యూ225 లాంటి కోడ్‌లలో నంబర్ పెరిగితే కోల్డ్.

మైకో అంటే 1951లో మొదలైన కంపెనీ. 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. పాత మాన్యువల్‌లో ఉన్న మైకో నంబర్‌ను ఇప్పటి బాష్ నంబర్‌తో నేరుగా పోల్చకూడదు. బ్రాండ్ మారుస్తుంటే కంపెనీ ఇచ్చే సరిపోల్చే పట్టికే చూడాలి.

కోడ్ ఇలా చదవండి

ఉదాహరణకు ఎన్‌జీకే బీపీ7హెచ్‌ఎస్. ఇందులో బీ అంటే మర 14 మిల్లీమీటర్లు. పీ అంటే కొన బయటికి పొడుచుకొచ్చిన రకం. 7 వేడి స్థాయి. హెచ్ అంటే మర పొడవు 12.7 మిల్లీమీటర్లు. హెచ్ స్థానంలో ఈ ఉంటే పొడవు 19 మిల్లీమీటర్లు. పొట్టి మర ఉన్న హెడ్‌లో పొడవాటి ప్లగ్ బిగిస్తే పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. నంబర్ ముందు ఆర్ ఉంటే రెసిస్టర్ ప్లగ్ అని అర్థం.

రంగు చూస్తే రోగం తెలుస్తుంది

కాస్త దూరం నడిపి, ఇంజిన్ చల్లారాక ప్లగ్ విప్పి చూడండి.

* లేత గోధుమ రంగు: అంతా బాగుంది.
* పొడి నల్లటి మసి: పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా ప్లగ్ మరీ కోల్డ్.
* జిడ్డుగా, తడిగా నలుపు: టూ స్ట్రోక్‌లో ఆయిల్ పాలు ఎక్కువ. ఫోర్ స్ట్రోక్‌లో రింగులు అరిగి ఉండొచ్చు.
* తెల్లగా, బొబ్బలెక్కినట్లు: ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతోంది. వెంటనే బండి ఆపాలి.

తెల్లగా ఉందని కోల్డ్ ప్లగ్ వేసి సరిపెట్టుకోవద్దు. ముందు కార్బురేటర్ జెట్, గాలి లీకులు, టైమింగ్ చూపించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అందుకే కార్బురేటర్ బండిలో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది.

బిగించేటప్పుడు..

గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్‌లో చెప్పిన మేరకే పెట్టాలి. వేడి ఇంజిన్‌పై ప్లగ్ విప్పితే అల్యూమినియం హెడ్ మరలు పోతాయి. ముందు చేత్తోనే తిప్పాలి. వాషర్ ఆనాక, కొత్త ప్లగ్ అయితే స్పానర్‌తో సగం చుట్టు చాలు. వాడిన ప్లగ్‌కు ఇంకా తక్కువ, చిన్న బిగింపు సరిపోతుంది.

ఖరీదైన ఇరిడియం తప్పనిసరేం కాదు. సరైన వేడి స్థాయి ఉన్న మామూలు నికెల్ ప్లగ్ పాత ఇంజిన్‌కు బాగా సరిపోతుంది. నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన డీలర్ దగ్గరే కొనాలి. పాత ప్లగ్‌ను నమూనాగా చూపించి కొనడం కూడా మంచిది కాదు. ఇంతకుముందు వేసిందే తప్పు ప్లగ్ అయి ఉండొచ్చు. మాన్యువల్‌లోని కోడ్ రాసుకుని షాపుకు వెళ్లండి. కొత్త పిస్టన్, బోరింగ్ ఖర్చు ముందు ప్లగ్ ధర ఏపాటిది!