రాయప్ప

గుంతకల్లు చుట్టుపక్కల పేర్లకు ‘అప్ప’ చేరడం వింతేమీ కాదు. తిమ్మప్ప, ఈరప్ప, కసాపురం ఆంజనేయుడి పేర హనుమప్ప. పాత తరం కతోలికుల ఇళ్లలో ఆ వరుసలోనే రాయప్ప, చిన్నప్ప, జోజప్ప ఉంటారు.

జోజప్ప అంటే యోసేపు, ఇన్నాసి అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే జేవియర్. ఇవన్నీ చెవికి వినబడ్డ శబ్దాన్ని మన నోటికి మలుచుకున్నవి. రాయప్ప దారి వేరు. యేసు సీమోనుకు పెట్టిన పేరు అరమాయికులో కేఫా, గ్రీకులో పెత్రోస్. రెండింటి అర్థమూ రాయే, అందుకే పేతురు రాయప్ప. పౌలుస్ అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందుకే పౌలు చిన్నప్ప. తమిళ కతోలికులకూ రాయప్పర్, చిన్నప్పర్ ఉన్నారు కానీ, అక్కడ రాయిని కల్ అంటారు. పేరులోని రాయి సూటిగా తగిలేది తెలుగు చెవికే. పక్కనున్న కన్నడంలోనూ అది కల్లే. గుంతకల్లులో రాయప్పకు ఇంకేం లోటు!

పేతురు, పౌలు ఇద్దరి పండుగా జూన్ 29నే. వేరుశనగ విత్తడానికి మబ్బుల వైపు చూసే రోజులవి. ఆనాటి పూజలో మత్తయి 16వ అధ్యాయం చదువుతారు: ఈ రాతి మీద నా సంఘాన్ని కడతానన్న ఘట్టం. పేతురు అని చదివితే ఆ శ్లేష గురువుగారు విప్పి చెప్పాలి. రాయప్ప అంటే అక్కర్లేదు.

అయినా ఇప్పటి పిల్లలకు పెట్టేది పీటర్, పాల్ అనే. రాయప్ప తాతల పేరైపోయింది.