గుణుపురపు కొండలలో మృతులతో సంభాషణము

నేడు రాయగడ జిల్లాలోని గుణుపురము 1992కు ముందు కోరాపుట్టు జిల్లాలోనిది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగువరకు మద్రాసు రాజధానిలోనిది. ఏలినవారెందరు మారినను, అచ్చటి సవర గిరిజనులు శోకమును మాటచేత మాన్పుకొను పద్ధతి తరతరములుగా నిలిచియుండెను.

ఇంట నొకరు మరణించినపిమ్మట పూజారిణి పూనకము పూనగా మృతుడామె నోట పలుకును. చుట్టును గూర్చున్న ఆలుబిడ్డలు, అన్నదమ్ములు ఏల పోతివని యడుగుదురు, ఏడ్తురు, వాదింతురు, తీరని తగవులను గూడ నెత్తుదురు. ఇది యొకనాటితో ముగియదు. రాతిని నాటెడి గువార్ మొదలు మృతులను స్మరించు కార్జా వేడుకలవరకు సంవత్సరములతరబడి సాగును. తన్ను చంపిన వ్యాధినే తనవారికి దెత్తునని తొలుత బెదరించిన మృతుడు క్రమముగా శాంతించి, వంశమును గాచు పితరుడై, తన పేరొక శిశువున కొసగి, కడపట సీతాకోకచిలుక యగునని వారి విశ్వాసము.

సవరభాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ మాటలను గ్రహించుటకు త్రోవ తీసిరి. మానవశాస్త్రజ్ఞుడు వెర్రియర్ ఎల్విన్ 1955లో సవరల మతమును గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించెను. 1975 మొదలు వారి నడుమ వసించి వారి భాషను నేర్చిన మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ, ఈ సంభాషణములను శోకవిషాదములపై ఫ్రాయిడు 1917లో వెలువరించిన వ్యాసముతో సరిపోల్చెను. పోయినవారినుండి మనసును మరల్చుకొనుటయే శోకము చేయవలసిన పని యని ఫ్రాయిడు భావించెను. సవరలు బంధమును తెంపక మార్చుకొందురు. నాకు సవరల మార్గమే మానవహృదయమునకు సన్నిహితముగా దోచుచున్నది.

మాట మెదడును మార్చునా? 2004లో టొరంటో పరిశోధకులు, ఔషధము లేకయే 15 మొదలు 20 పర్యాయములు సంభాషణచికిత్స పొందిన 14గురు విషాదరోగుల మెదడులను, చికిత్సకు ముందును పిమ్మటను, పెట్ స్కాను చేసి పరిశీలించిరి. జ్ఞాపకమునకు మూలమైన హిప్పోకాంపస్‌లో వ్యాపారము హెచ్చెను. మెదడు ముందరి భాగమున తగ్గెను. గడచినదానినే మరల మరల తలపోయు వేదన సడలుటకు ఇది చిహ్నమని వారు తలంచిరి. కొలదిమందిపై జరిగిన ఈ పరిశోధనమును సవరల శోకమునకు యథాతథముగా నన్వయింపరాదు. అయినను ఎదుటివారి ప్రత్యుత్తరము నందుకొనుచు పలుమారులు దుఃఖమును పలుకుట ఉభయత్రా కలదు.

సవరలలో ఇటీవలి తరములవారు పెక్కురు బాప్టిస్టు మతమున చేరిరి. అందుచే విద్యయు, బయటి ప్రపంచముతో సంబంధమును పెరిగినవి. వానిని తక్కువ చేయరాదు. కాని క్రొత్తమతమున దైవమును ప్రార్థింపవచ్చునే గాని, పోయిన తండ్రితో మాటాడరాదు. కావున ఇప్పుడక్కడ విషాదమునకు చికిత్స చేయబూనువారు ఔషధములతో తృప్తిపడక, రోగిచెంత కూర్చుండి సవరభాషలో తీరికగా మాటాడగలవారిని, వీలైనచో సవరలలోనివారినే, నియమింపవలెను.