కొవ్వు పంపే కబురు, కాలేయం మీద మచ్చ

కొవ్వు గురించి తెలుగులో వచ్చే ఆరోగ్య వ్యాసాల్లో ఒకే కథ తిరుగుతూ ఉంటుంది. ఒళ్లు పెరిగితే కొవ్వుకణాలు హార్మోన్లను గతి తప్పి విడుదల చేస్తాయి, దాంతో కాలేయంలో వాపు పుడుతుంది, వాపు మానే చోట మచ్చకడుతుంది, మచ్చలు ముదిరితే సిర్రోసిస్. ఆ హార్మోన్లలో లెప్టిన్ దోషి, అడిపోనెక్టిన్ రక్షకురాలు. ఈ కథ మొత్తం తప్పని అనను. కానీ దీన్ని లావెక్కిన ఎలుకలను, లావెక్కిన పట్టణవాసులను చూసి అల్లారు. పాల్వంచ దాటి భద్రాచలం మీదుగా కూనవరం, చింతూరు అడవుల వైపు వెళ్తే కనిపించే బక్కపలచని ఒళ్లకు ఇది అతకదు.

తొలి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో ఆకలి తీరని లావు చిట్టెలుక ఒకటి కనబడింది. తృప్తిని తెలిపే సంకేతమేదో రక్తంలో తిరుగుతోందని డగ్లస్ కోల్‌మన్ తర్వాతి దశాబ్దాల్లో నిరూపించాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. అదే లెప్టిన్. మరుసటి ఏడాది ఫిలిప్ షెరర్ అడిపోనెక్టిన్‌ను వెలికితీశాడు. లావెక్కిన జంతువుల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు రసాయనం ఉందని 1993లో తేలింది, ఆ కొవ్వులో మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు గుమిగూడతాయని 2003లో తెలిసింది. ఈ క్రమంలో హైదరాబాద్‌కూ ఒక చోటు ఉంది. పోషకాహార లోపాన్ని శోధించడానికి 1918లో కూనూరులో మొదలై 1958లో తార్నాకకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో, 1990లలో ఎన్.వి. గిరిధరన్ బృందం స్థూలకాయపు ఎలుకల వంశాన్ని గుర్తించి నిలబెట్టింది. వాటి రక్తంలో లెప్టిన్ పుష్కలం, దాన్ని వినే శక్తి మాత్రం ఒంటికి లేదు.

నేను ఆగదలచింది 1998 నుంచి 2005 దాకా నడిచిన కాలం దగ్గర. లెప్టిన్‌కు మచ్చకట్టే హార్మోన్ అని పేరు పడింది అప్పుడే.

కాలేయంలో మచ్చను నేసేవి స్టెలేట్ కణాలు. మామూలు రోజుల్లో విటమిన్-ఎ దాచుకుని నిమ్మళంగా ఉంటాయి, గాయం తగిలితే రూపం మార్చుకుని కొల్లాజెన్ పోగులు పరుస్తాయి. అలా మారిన కణాలు తామే లెప్టిన్ తయారుచేస్తాయని 1998లో బయటపడింది. 2001, 2002లలో టోక్యోలో ఇకెజిమా బృందం, సిడ్నీలో లెక్లెర్క్, ఫారెల్ బృందం దాదాపు ఒకే మాట చెప్పాయి: లెప్టిన్ పుట్టని చిట్టెలుకకు, లెప్టిన్ గ్రాహకం చెడిన ఎలుకకు విషం పెట్టినా కాలేయం సరిగా మచ్చకట్టదు. సిడ్నీవారు లెప్టిన్‌ను తిరిగి ఎక్కిస్తే మచ్చ మళ్లీ వచ్చింది. పకడ్బందీ ప్రయోగమే. అయితే లెప్టిన్ లేని ఆ జంతువుకు రోగనిరోధక శక్తే కుంటుపడి ఉంటుంది. దాని థైమస్ చిన్నది, కాలేయంలో కొన్ని రక్షక కణాలు తక్కువ. లెప్టిన్ ఎక్కిస్తే అవీ కోలుకుంటాయి. అలాంటప్పుడు మచ్చను తెచ్చింది లెప్టిన్ నేరుగానా, కోలుకున్న రక్షక కణాల ద్వారానా అన్నది ఆ ప్రయోగంతో తేలదు.

అదే 2002లో అదే సిడ్నీ నుంచి శివకుమార్ చిట్టూరి, ఫారెల్ తదితరులు మనుషుల లెక్క ప్రకటించారు. కాలేయంలో కొవ్వు, వాపు ఉన్న రోగుల రక్తంలో లెప్టిన్ ఎక్కువే. దానికి కాలేయపు కొవ్వుతో పొంతన కుదిరింది, మచ్చ తీవ్రతతో కుదరలేదు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు ఎలుక ఫలితాన్ని తలకెత్తుకున్నాయి, మనిషి ఫలితాన్ని మూలన పెట్టాయి. నా అభ్యంతరం ఇక్కడే.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం లిపోడిస్ట్రఫీ రోగులది. వీళ్లకు చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు, లెప్టిన్ నామమాత్రం. కొవ్వు, లెప్టిన్ లేకపోతే కాలేయం నిక్షేపంగా ఉండాలి కదా. జరిగేది తలకిందులు: చిన్నవయసులోనే కాలేయం కొవ్వుతో ఉబ్బుతుంది, కొందరికి సిర్రోసిస్ దాకా పోతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఇలాంటివారికి లెప్టిన్ ఇచ్చినప్పుడు కాలేయపు కొవ్వు, కణాల గాయం తగ్గాయని 2005లో జావోర్ బృందం చూపింది. మచ్చ పెరగలేదు, తగ్గనూ లేదు. పది మందిలో, కొద్ది నెలల వ్యవధిలో చూసిన ఫలితమిది, అతిగా సాగదీయకూడదు. అయినా లెప్టిన్ లేకుండానే మనిషి కాలేయం మచ్చకడుతుందన్న సంగతి మిగిలే ఉంటుంది.

అడిపోనెక్టిన్ వైపు సాక్ష్యం కాస్త గట్టిది. అది లేని చిట్టెలుకకు కాలేయం ఎక్కువగా మచ్చకడుతుందని 2003లో ఒసాకాలో కమదా బృందం చూపింది. మరి సిర్రోసిస్ ముదిరిన మనిషి రక్తంలో అడిపోనెక్టిన్ పెరుగుతుందెందుకు? చెడిన కాలేయం దాన్ని తొలగించలేకపోవడం ఒక కారణం. కాబట్టి రక్తంలో దాని అంకె చూసి కాలేయం భద్రమని చెప్పే వీల్లేదు.

షెరర్ బృందం చేసిన రెండు పనులు నాకు అసలు దారి చూపాయి. 2007లో అడిపోనెక్టిన్ ఎక్కువగా తయారయ్యే చిట్టెలుకలు విపరీతంగా లావెక్కినా వాటి కాలేయం శుభ్రంగానే ఉంది. 2009లో కొవ్వు కణజాలంలోని ఒక రకం కొల్లాజెన్‌ను తీసేస్తే కొవ్వుకణాలు హాయిగా పెరిగి ఒంటి ఆరోగ్యం మెరుగైంది. అంటే మచ్చ మొదట కొవ్వులోనే పడుతుంది. గాదె గోడలు సాగకపోతే ధాన్యం ఇంటినిండా ఒలికినట్టు, దాచుకునే చోటు బిగిసిపోతే కొవ్వు కాలేయానికి, కండకు ఎగబాకుతుంది. ఎంత కొవ్వు ఉందన్నదానికన్నా ఎక్కడ ఇమిడిందన్నదే నిర్ణయిస్తుందని నా వాదన.

ఈ వాదన మన నేలకు నప్పుతుంది. పుణెకు చెందిన పరిశోధకుడు సి.ఎస్. యాజ్ఞిక్, లండన్‌కు చెందిన పరిశోధకుడు జాన్ యుడ్కిన్‌ల ఎత్తు-బరువుల సూచీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఒకరిలో 21.2 శాతం, ఇంకొకరిలో 9.1. 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఈ పోలికలో ఎక్కువ కొవ్వు యాజ్ఞిక్‌ది. పుణె పల్లెల్లో తక్కువ బరువుతో పుట్టిన పసికందుల్లో కూడా కండ తక్కువ, కొవ్వు పదిలం.

గోదావరి అడవి అంచున కోయ, కొండరెడ్డి పల్లెల్లో ఒకప్పటి నూనె ఇప్పనూనె. ఎండబెట్టిన ఇప్పగింజల నుంచి తీస్తారు, చలికాలం పొద్దున నెయ్యిలా గడ్డకడుతుంది. తిండి జొన్నలు, సామలు, అడవి దుంపలు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక గిన్నెలోకి తెల్లన్నం చేరింది, ఆకలి తగ్గింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. తర్వాత పామాయిల్ పాకెట్ వచ్చింది, పాల్వంచ ఉన్న జిల్లాలోనే అశ్వారావుపేట పామాయిల్ తోటల సీమ అయింది. తల్లి కడుపులో చాలీచాలని తిండితో పెరిగి, పెద్దయ్యాక పిండిపదార్థం మీద బతికే ఒంటికి దాచుకునే చోటు తక్కువ కావచ్చు. ఇది అనుమానమే, సారా, హెపటైటిస్-బి కూడా కాలేయాన్ని మచ్చకట్టిస్తాయని మరవకూడదు.

ఇదే అంచున కొవ్వు లోటు అవతలి ముఖం కూడా ఉంది. ఆకలితో లెప్టిన్ పడిపోతే టి-కణాల శక్తి సడలుతుందని 1998లో లండన్ శాస్త్రవేత్తలు చూపారు. క్షయ, మలేరియా తిరిగే చోట లెప్టిన్‌ను దోషి అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం.

ఇప్పటి పరిస్థితి నన్ను సగమే తృప్తిపరుస్తుంది. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ను జీవనశైలి వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది, మంచి పని. 2024లో కొవ్వు చేరి మచ్చకట్టిన కాలేయానికి అమెరికా ఆమోదించిన తొలి మందు రెస్మెటిరోమ్ థైరాయిడ్ గ్రాహకం మీద పనిచేసేది. లెప్టిన్, అడిపోనెక్టిన్‌ల మీద పెట్టుకున్న ఆశలు కాలేయపు మచ్చకు మందుగా మారలేదు. ఇక పరీక్ష సంగతి. కాలేయపు బిగుతును కొలిచే ఫైబ్రోస్కాన్ అందని చోట ఫిబ్-4 లెక్క వాడమంటున్నారు. వయసు, రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో దాన్ని వేస్తారు. ప్లేట్‌లెట్లు తగ్గితే మచ్చ ఎక్కువున్నట్టు చూపుతుంది. వానాకాలం మలేరియా, డెంగీ జ్వరాల్లో అవి కాలేయంతో సంబంధం లేకుండానే పడిపోతాయి. జ్వరం తగ్గి ప్లేట్‌లెట్లు కోలుకున్నాక మళ్లీ వేస్తే తప్ప ఆ అంకెను నమ్మకూడదు. బరువు సరిపోయిందని మనిషిని ఇంటికి పంపేముందు ఏఎన్ఎం చేతిలోని టేపుతో నడుము కొలవాలి. పరీక్ష పత్రంలో ఆ గడి ఇప్పటికే ఉంది, సన్నగా ఉన్నవాళ్లకు కూడా దాన్ని నింపాలి.