ఏకలవ్యునకు ఏ విల్లు?



ఫలక్‌నుమాలో మా యింటి వసారాయందు సెలవుదినములలో నా మనుమడును వాని స్నేహితులును బల్లచుట్టు కూర్చుండి యొక యాట యాడుచుందురు. ఒకడు కథ నడుపును. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఏమి చేయదలచిరో నోటితో చెప్పి, జయాపజయములను ఇరువది ముఖముల పాచికచే తేల్చుకొందురు. ఈ తీరు ఆట 1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ప్రసిద్ధికి వచ్చినది.

ఒకనాడు మనుమడు నాయొద్దకు వచ్చి, “తాతయ్యా, నేను ఏకలవ్యుని పాత్ర తీసికొన్నాను. బొటనవ్రేలు లేనివానికి ఏ విల్లు ఇయ్యవలెను?” అని యడిగెను. పెక్కేండ్లు భారతకథను పాఠము చెప్పితిని గాని, ఈ ప్రశ్న నన్నెవ్వరును అడుగలేదు, నేనును వేసికొనలేదు. దానికి నేను వెదకుకొన్న సమాధానమే నేటి ప్రసంగము.

ఎవనికి ఏ విల్లు తగునను విచారము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చుపడినది. అందలి ఆయుధాగార ప్రకరణమున తాటిచేవతోను, వెదురుతోను, కొయ్యతోను, కొమ్ముతోను చేసిన విండ్లు చెప్పబడినవి. కార్ముకము, కోదండము, ద్రూణము, ధనుస్సు అని వానికి పేర్లు. ఇతిహాసములును పాత్ర నెరిగియే విల్లు నిచ్చినవి. ఖాండవదహనమునకు పూనుకొన్న అర్జునునకు అగ్నిదేవుడు వరుణునివలన గాండీవమును ఇప్పించెను. నిషాదరాజు హిరణ్యధన్వుని కుమారుడైన ఏకలవ్యునకు అట్లు ఇచ్చినవారు లేరు. మట్టితో గురువు బొమ్మను చేసికొని తానే నేర్చుకొనెను. గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు కోసి యిచ్చెను. పిదప మిగిలిన వ్రేళ్లతో బాణము వేసెను గాని, మునుపటి వడి రాలేదని భారతము చెప్పుచున్నది.

బొటనవ్రేలి విలువ తెలియగోరువారు మూసీయొడ్డుననున్న సాలార్‌జంగు మ్యూజియమునకు పోయి చూడవలెను. అందు ముదురాకుపచ్చని జేడురాతితో చేసిన విలుకాని ఉంగర మొకటి కలదు. దానిపై షాజహాను బిరుదము చెక్కబడియున్నది. తురుష్కులు, పారసీకులు, మొగలులు అల్లెత్రాటిని బొటనవ్రేలితో లాగెడివారు. త్రాడు వ్రేలిని కోయకుండ ఇట్టి యుంగరమును తొడిగికొనెడివారు. చక్రవర్తి బొటనవ్రేలికి రత్నశిల కవచమైనది. నిషాదబాలుని బొటనవ్రేలికి కత్తి ప్రాప్తించినది.

ఇక బొటనవ్రేలి బలముపై ఆధారపడని విల్లు కలదా? కలదు. ఆంగ్లేయులు దానిని క్రాస్‌బో అందురు; నేను అడ్డవిల్లు అనెదను. కొయ్యదిమ్మె కొనయందు విల్లును అడ్డముగా బిగింతురు. అల్లెత్రాటిని వెనుకకు లాగి యొక కొక్కెమునకు తగిలింతురు. దిమ్మెపైనున్న గాడిలో పొట్టిబాణము నుంచి, గురిచూచి, క్రిందిమీట నొక్కినచో కొక్కెము జారి బాణము వెడలును. ఎక్కుపెట్టిన వింటి బలమును వ్రేళ్లకు మారుగా కొక్కెమే మోయును. చీనాదేశీయులు క్రీస్తునకు పూర్వమే ఈ మీటలను కంచుతో పోతపోసిరి. ఈ యాట పుట్టిన 1974లోనే అచ్చట షియాన్ సమీపమున మొదటి చక్రవర్తి సమాధికాపుగా నిలిపిన మట్టిసైన్యము బయల్పడినది. అందును ఇట్టి కంచుమీటలు దొరకినవి.

ఈ యాయుధమున గుణమును దోషమును ఒక్కచోటనే యున్నవి. పెద్దవిల్లు పట్టువానికి బాల్యమునుండి సాధన కావలెను. అడ్డవిల్లు కొలదిదినములలో అలవడును. అందుచే సామాన్యుడును కవచధారిని పడగొట్టగలిగెను. 1139లో రోమునగరపు లాటరన్ సభలో క్రైస్తవ మతాధికారులు అడ్డవిలుకాండ్ర విద్యను, విలుకాండ్ర విద్యను తోడి క్రైస్తవులపై ప్రయోగింపరాదని శాసించిరి. రాజు లెవ్వరును వినలేదు. 1199లో ఇంగ్లండు రాజైన మొదటి రిచర్డు, ఫ్రాన్సులో నొక చిన్నకోటను ముట్టడించుచు, అడ్డవింటి బాణము తగిలి, ఆ గాయముచేతనే మరణించెను. అయినను దీనికి జాగు గలదు. మిక్కిలి బలమైనదానిని చేతితో లాగుట సాధ్యము కాదు. చక్రము త్రిప్పి ఎక్కుపెట్టవలెను. 1346లో క్రేసీ యుద్ధమున జెనోవా అడ్డవిలుకాండ్రు ఒకబాణము వేయునంతలో ఆంగ్లేయుల పెద్దవిండ్లు పెక్కుబాణములు కురిపించెను, జెనోవావారు నిలువలేకపోయిరి.

కావున పిల్లలకు ఇట్లు చెప్పితిని: కోటగోడచాటున నిలుచువానికి చక్రముతో ఎక్కుపెట్టు బరువైన అడ్డవిల్లు తగును, జాగైనను గోడ కాచును. గుఱ్ఱముపై పోరువానికి కొమ్ముతో చేసిన పొట్టివిల్లే మేలు. అడవిలో ఒంటరిగా తిరుగు ఏకలవ్యునకు చేతితో లాగదగిన తేలికయైన అడ్డవిల్లు ఇండు. మొదటి బాణము తప్పినచో రెండవదానికి వ్యవధి లేదని వానికి తెలిసియుండవలెను.

మనుమడు తన కాగితముపై ‘అడ్డవిల్లు’ అని వ్రాసికొని, “అయితే వాడు మరల గెలువవచ్చును కదా!” అనెను. గెలువవచ్చు నంటిని. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నియేండ్లు ఆ కథను గురుభక్తికి దృష్టాంతముగనే చెప్పితిని. బాలకులు మెచ్చుకొనవలెనని కోరితిని. వ్రేలు కోసి యిచ్చినవాడు మరునాటి ఉదయమున విల్లు చేతబట్టి యేమి యనుకొనెనో ఆలోచింపుడని ఒక్క తరగతినైనను అడుగనైతిని. అడిగించినది పిల్లల యాట.

గ్రామములందలి పెద్దలారా! మీ యిండ్లలో పిల్లలు పాచికలు దొర్లించుచు ఇట్టి కథలాడుచున్నచో, కాలము వ్యర్థమగుచున్నదని వెంటనే కసరకుడు. వారిచెంత కొంచెముసేపు కూర్చుండి, ఎవరు ఏ పాత్ర ధరించిరో, వారి చేతికి ఏ యాయుధ మిచ్చిరో, ఏల యిచ్చిరో అడుగుడు. మీకు తెలిసిన కథను వారికి చెప్పుడు. వారు వేయు ప్రశ్నను మీరు వినుడు. కొక్కెము బొటనవ్రేలికి మారుగా పనిచేయగలదు. శిష్యుని ప్రశ్నను వినవలసిన గురువునకు మాత్రము మారు లేదు.