అనుకరణ, ఎంపిక: తెలంగాణ వేషధారణ చరిత్ర నుంచి ఒక పరిశీలన

1. పరిచయం

పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా రాశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ గ్రంథానికే లభించింది. మనుషులు ఏం కట్టుకున్నారు, ఎందుకు కట్టుకున్నారు అన్నవి కూడా చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్నలే.

ఒక కాలంలో చాలామంది అనుసరించే తీరును ఫ్యాషన్ అంటాం. తన పని, స్తోమత, అభిరుచి చూసుకొని వ్యక్తి ఎంచుకున్న తీరు సొంత శైలి. ఈ రెండింటి మధ్య తేడా బట్టలో ఉందా, కట్టుకున్నవారి ఆలోచనలో ఉందా? ఈ ప్రశ్నను హైదరాబాద్ రాజ్యం నేపథ్యంలో పరిశీలిద్దాం.

2. రూమీ టోపీ ప్రయాణం

ఆసఫ్‌జాహీల కాలంలో వేషధారణకు కొలమానం దర్బారు. నిజాం ఎదుటికి వెళ్ళే ప్రముఖులు దస్తార్ అనే తలపాగా, నడుముకు బగ్లూస్ అనే పట్టీ ధరించాలి. దర్బారు బయట షేర్వాణీ, రూమీ టోపీ విద్యావంతుల గుర్తుగా స్థిరపడ్డాయి. కొలువు, వకాలతు, హోదా కోరిన వారు మతభేదం లేకుండా షేర్వాణీ తొడిగారు.

ఈ టోపీ కథ గమనించదగినది. 1829లో ఉస్మానియా తురుష్క సుల్తాను రెండవ మహమూద్ దీనిని ఆధునికతకు గుర్తుగా ఉద్యోగులకు తప్పనిసరి చేశాడు. సుమారు వందేళ్ళకు, 1925లో, అదే దేశంలో ముస్తఫా కెమాల్ దీనిని వెనుకబాటుకు గుర్తుగా భావించి చట్టంతో నిషేధించాడు. హైదరాబాద్‌లో మాత్రం ఆ తరువాతా అది గౌరవచిహ్నంగానే కొనసాగింది. టోపీ మారలేదు, దాని అర్థం మారింది. కాబట్టి ఏ ఫ్యాషన్‌కూ శాశ్వతమైన విలువ ఉండదని గ్రహించాలి.

3. షేర్వాణీ తొడిగి తెలుగు మాట్లాడినవారు

అనుకరణ బట్టతో ఆగదు, భాషకూ పాకుతుంది. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే తరువాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది. 1931లో దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు, 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ సభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షత వహించారు.

ఈ నాయకుల్లో చాలామంది వకీళ్ళు. ఉర్దూ కోర్టుల్లో వాదించి బతికినవారు. బూర్గుల పారసీ, ఉర్దూ భాషల్లో పండితులు. 1952లో షాద్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికై హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. వీరు పొరుగు భాషను ద్వేషించలేదు. నేర్చుకోదగినది నేర్చుకున్నారు, తమది వదులుకోలేదు. చూపులకు ఒకేలా ఉన్న ఇద్దరు షేర్వాణీధారుల్లో ఒకరు అనుకర్త, మరొకరు స్వతంత్రుడు కావచ్చు. తేడా బట్టలో లేదు.

4. మగ్గం మీద ఇదే పాఠం

కట్టుకునేవారికే కాదు, నేసేవారికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. నల్లగొండ ప్రాంతపు నేతన్నలు 20వ శతాబ్దం తొలి దశకాల్లో చీరాల వైపు నుంచి తేలియా రుమాలు నేత నేర్చుకున్నారు. నూలుపోగులను ముందే ముడులు కట్టి రంగులద్ది, తరువాత నేయడం ఇందులోని కిటుకు. అరబ్బు దేశాలకు వెళ్ళే ఆ రుమాళ్ళతోనే వారు ఆగిపోలేదు. అదే పనితనాన్ని చీరలకు, ఆపై పట్టుకు మళ్ళించి పోచంపల్లి పేరు నిలిపారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ డిజైను ఫ్యాషన్ కాగానే యంత్రంపై అచ్చువేసిన చవక బట్ట బజారుకు వచ్చింది. దానివల్ల నేతన్న కూలి దెబ్బతింటుంది. బట్ట తిరగేసి చూడండి: నేసిన దానిలో డిజైను రెండువైపులా కనిపిస్తుంది, అచ్చువేసిన దానిలో సాధారణంగా వెనుకవైపు వెలిసినట్టుంటుంది. చవకది కొనడం తప్పు కాదు. ఏది కొంటున్నామో తెలియకుండా కొనడమే గుడ్డి అనుకరణ.

5. సారాంశం

కొత్తదాన్ని తిరస్కరించడం సొంత శైలి కాదు, పాతదాన్ని పట్టుకు వేలాడటమూ కాదు. ఎక్కడినుంచి వచ్చింది, ఎవరికి లాభం, నా పనికీ స్తోమతకూ సరిపోతుందా అని అడిగి తీసుకున్నదే సొంతమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రూమీ టోపీ అర్థం దేశకాలాలను బట్టి ఎలా మారింది?
2. ఆంధ్ర మహాసభ నాయకుల వైఖరిని అనుకరణ అనవచ్చా? కారణాలు రాయండి.
3. మీ ఇంట్లోని మూడు తరాల పెళ్ళి దుస్తుల గురించి పెద్దలను అడిగి, ఏ మార్పు ఎవరి నిర్ణయంతో వచ్చిందో ఒక పుటలో రాయండి.